మంచము పట్టిన నేతగానికి ఇంటివద్దనే సాయము

మగ్గము మీద నలుబది యేండ్లు కూర్చున్న మనిషి ఒకనాడు మంచము పట్టును. అప్పుడు ఆ యింటిలో ఏమి జరుగునో మన సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. అయినను మన సమావేశములలో నూలు ధర, రిబేటు బాకీలు తప్ప ఈ మాట వచ్చుట అరుదు. కావున నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా సంఘములో ఒక సభ్యునకు పక్షవాతము వచ్చి కుడి ప్రక్క పడిపోయినది. పది రోజులకు ఆసుపత్రినుండి ఇంటికి పంపిరి. అటుపిమ్మట ఆయనను లేపి కూర్చుండబెట్టుట, స్నానము చేయించుట, గంజి త్రాగించుట, వీపున పుండ్లు పడకుండ రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పుట, అంతయు కోడలి పని అయినది. ఆ యింటిలో కండెలు చుట్టునది ఆమెయే. కండె లేనిదే నాడె ఆడదు గదా! మూడవ నెలకు కొడుకు మావద్ద తీసికొన్న పడుగులో సగము కూడ నేయలేకపోయెను. సంఘపు పుస్తకములో దానిని “నేత ఆలస్యము” అని వ్రాసినది మేమే. మంచము పట్టినది ఒక్కరు; ఆగినవి ముగ్గురి చేతులు. ఆ సంగతి మా పుస్తకములో ఎక్కడను లేదు.

ఇట్టి యింటికి ప్రభుత్వ ధనము ఏ రూపమున చేరుచున్నది? 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము దిక్కులేని వృద్ధులకై జిల్లాకు ఒకటి చొప్పున, 150 మందికి తగ్గకుండ పట్టు ఆశ్రమములను గూర్చి చెప్పినది. 2024 అక్టోబరులో 70 ఏండ్లు దాటినవారికి ఏటా 5 లక్షల రూపాయల వరకు కేంద్రము కల్పించిన వైద్య సహాయము ఆసుపత్రిలో చేరినవారికి. రెండును మంచివే. కాని ఆశ్రమమునకు పోనివారికి, ఆసుపత్రినుండి తిరిగివచ్చినవారికి ఇంటివద్ద చేయవలసిన చాకిరీ వీనిలో దేనికిని అందదు.

ఇంటికి నడచివచ్చు సాయమును మన పొరుగునే చూడవచ్చును. తమిళనాడులో 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో “మక్కళైత్ తేడి మరుత్తువం”, అనగా ప్రజలను వెదకికొనిపోవు వైద్యము, ఆరంభించిరి. తెలుగు మాటలాడు కుటుంబములు తరతరాలుగా నున్న జిల్లా అది. స్వయంసహాయక బృందముల స్త్రీలు రక్తపుపోటుకు, చక్కెర వ్యాధికి మందులు ఇంటికి తెచ్చిచ్చుటకును, కాలుసేయి పడిపోయినవారికి వ్యాయామము చేయించువారు, మంచమున నున్నవారిని చూచు నర్సులు ఇంటికి వచ్చుటకును ఏర్పాటు చేసిరి. కేరళ 2008లోనే ఉపశమన చికిత్సకు ఒక విధానము ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సులను రోగుల ఇండ్లకు పంపు పద్ధతి నెలకొల్పినది. అంతేకాక “ఆశ్వాసకిరణం” అను పథకము క్రింద మంచము పట్టినవారిని కనిపెట్టుకొని యుండు వ్యక్తికి నెలకు 600 రూపాయలు నిర్ణయించినది. మొత్తము చిన్నదే. కాని చాకిరీ చేయు మనిషిని ప్రభుత్వపు లెక్కలోనికి ఎక్కించినది. అది చిన్న సంగతి కాదు.

ఈ లెక్కను పూర్తిగా వ్రాసిన దేశము ఒకటి గలదు. జర్మనీలో 1995లో సంరక్షణ భీమా అను చట్టబద్ధమైన ఏర్పాటు అమలులోనికి వచ్చినది. పనివాడును యజమానియు దీనికి చందా కట్టుదురు. రోగి అవసరమును ఐదు తరగతులుగా నిర్ణయింతురు. ఇంటివారే చూచుకొన్నచో, 2025 జనవరినుండి, రెండవ తరగతికి నెలకు 347 యూరోలు, ఐదవ తరగతికి 990 యూరోలు నగదుగా నిత్తురు. నగదు వలదన్నవారి యింటికి తరిఫీదు పొందిన మనిషిని పంపుదురు. వారమునకు పది గంటలు, అంతకు పైబడి చాకిరీ చేయు బంధువునకు, నియమములకు లోబడి, పింఛను చందా కూడ భీమావారే కట్టుదురు. 2023 చివర అక్కడ సంరక్షణ అవసరమైనవారు సుమారు 57 లక్షలు. వారిలో నూటికి 86 మంది ఇండ్లలోనే యుండిరి. ఆ నగదు పూర్తి కూలికి సాటి రాదు. అయినను ఇల్లు విడువకుండుటకు అది ఆసరా.

“కన్న తండ్రికి చేయు సేవకు కూలియా?” అని మన పెద్దలు కొందరు అడుగుదురు. సేవకు వెల కట్టుమని మేము చెప్పుట లేదు. ఆ సేవవలన పోయిన కండెల కూలిని ఎవరు భరింతురని అడుగుచున్నాము. 2019-20 చేనేత గణనలో తేలిన 35 లక్షల పైచిలుకు పనివారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. మంచము ప్రక్కను కూర్చుండవలసి వచ్చునదియు తరచు వారే. ఎవరును లేనివారికి ఆశ్రమము కావలసినదే. ఇంటిలో మనుష్యులున్నవారికి ఆ మనుష్యులను నిలబెట్టు సాయము కావలెను.

కావున కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాము శాఖలవారికి మా మనవి యిది. మంచము పట్టిన సభ్యులెందరు, వారిని చూచుచున్నదెవరు, ఆగిన పని యెంత అను మూడు సంగతులు ఇల్లిల్లు తిరిగి వ్రాయించుడు. ఆ పట్టికతో, ఇంటివద్ద చాకిరీ చేయువారికి నెలసరి భత్యమును, నర్సు రాకను కోరుచు తీర్మానము చేసి మీ రాష్ట్ర ప్రభుత్వమునకు పంపుడు. యానామువారు పుదుచ్చేరి ప్రభుత్వమునకు పంపవలెను. అంతవరకు మన చేతిలో నున్నది మనము చేయుదము: అట్టి యింటికి పడుగు గడువు పొడిగించుదము. మా పుస్తకములో “నేత ఆలస్యము” అను మాట కొట్టివేసి, “ఇంట రోగి గలరు” అని ఈ నెలలోనే వ్రాసితిమి.