గుంజకు కట్టిన పడవ

డాక్టరమ్మ నా అరచేతిలో ఒక స్క్రూ పెట్టారు. టైటానియం మిశ్రమంతో చేసింది. 8 మిల్లీమీటర్ల పొడవు, ఒకటిన్నర మిల్లీమీటర్ల లావు, ఇంచుమించు బియ్యపు గింజంత. "ఇలాంటివి రెండు, చెరో పక్కా పై దవడ ఎముకలో దించుతానండీ" అన్నారు. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో పళ్లకు క్లిప్పులు వేయించుకుందామని ధైర్యం కూడగట్టుకుని రాజమండ్రి వచ్చిన నాకు, ఆ మాటతో కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి.

"క్లిప్పులు వేస్తున్నారు కదండీ, మళ్లీ ఇవెందుకు?" అన్నాను.

ఆవిడ చెప్పిన జవాబు నేను పద్నాలుగేళ్లుగా తొమ్మిదో తరగతికి చెబుతున్న పాఠమే: న్యూటన్ మూడో నియమం.

నావి ఎత్తు పళ్లు. అవి వెనక్కి వెళ్లాలంటే చోటు కావాలి. అందుకని కోరపళ్ల వెనకున్న చిన్న దవడ పళ్లు పక్కకొకటి చొప్పున తీసేశారు. ఒక్కో పక్క 7 మిల్లీమీటర్ల ఖాళీ వచ్చింది. ఇక ముందు పళ్లను వెనక దవడ పళ్లకు కట్టి లాగాలి. చిక్కంతా అక్కడే ఉంది. దవడ పన్ను ముందు పళ్లను ఎంత బలంతో వెనక్కి లాగుతుందో, అవీ దాన్ని అంతే బలంతో ముందుకు లాగుతాయి. పళ్లు పీకించుకుని మరీ సంపాదించిన ఖాళీలో కొంత, వెనక పళ్లే ముందుకు జరిగి మింగేస్తాయి.

మా పుట్టిల్లు కోనసీమ లంకల్లో ఉంది. ఆ మాట వినగానే మా రేవు కళ్ల ముందు మెదిలింది. ఒక పడవలో నిలబడి మోకుతో రెండో పడవను లాగితే రెండూ కదులుతాయి, పెద్దది కాస్త తక్కువ, చిన్నది కాస్త ఎక్కువ. మన పడవ ఒక్కటే కదలాలంటే మోకు రెండో కొస ఒడ్డున పాతిన గుంజకు ఉండాలి. పళ్ల డాక్టర్లు యాంకరేజ్ అనేది దీన్నే. నోట్లో పళ్లన్నీ పడవలే. దవడ ఎముక ఒడ్డు. అందులో దిగే గుంజ ఈ స్క్రూ.

ఇది రాకముందు ఆ ఒడ్డును నోటి బయట వెతికారు. మెడ వెనక నుంచి పట్టీ, దానికి తగిలించి నోట్లోకి ఇనుప తీగ, రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు. ఏ పిల్లయినా దాన్ని తీసి దిండు కింద దాచేస్తే నేను తప్పు పట్టలేను.

ఎముకలోనే గుంజ పాతాలన్న ఆలోచన పాతదే. 1945లో గెయిన్స్‌ఫోర్త్, హిగ్లీ అనే ఇద్దరు కుక్కల దవడల్లో వైటాలియం స్క్రూలు దించి చూశారు. 16 నుంచి 31 రోజుల్లో అన్నీ ఊడిపోయాయి. 1983లో క్రీక్‌మోర్, ఎక్లండ్ ఒక మనిషికి ముక్కు కింది ఎముకలో ఒకే ఒక్క స్క్రూ బిగించి, పై ముందు పళ్లను ఏడాదిలో 6 మిల్లీమీటర్లు పైకి జరిపారు. ఆ రెండు ప్రయత్నాల నడుమ గడిచిన కాలం సరిగ్గా నా వయసంత. ఆ తర్వాత 1997లో జపాన్ డాక్టరు కనోమి 1.2 మిల్లీమీటర్ల లావు, 6 మిల్లీమీటర్ల పొడవున్న స్క్రూను వాడి చూపించారు.

నా వంతు వచ్చిన రోజు చిగురుకు కొద్దిగా మత్తిచ్చారు. "పంటికి మత్తు ఎక్కనివ్వనండీ. స్క్రూ వేరుకు దగ్గరైతే మీకు జివ్వుమనాలి. అనగానే చెయ్యెత్తేయండి" అన్నారు. నా నొప్పినే నాకు కాపలా పెట్టారన్నమాట! చెయ్యెత్తాల్సిన పని పడలేదు. నొప్పి లేదు గానీ, ఎముకలోకి మర దిగుతున్న ఒత్తిడి మాత్రం బాగా తెలిసింది. వెంటనే స్ప్రింగు తగిలించి, మా ల్యాబులో స్ప్రింగు త్రాసుకు చెల్లెల్లాంటి చిన్న పరికరంతో బలం కొలిచారు. 150 గ్రాములు. కట్టుడు పంటి ఇంప్లాంటుకైతే ఎముక అతుక్కునేదాకా నెలల తరబడి ఆగుతారు. దీనికి మర పట్టే ఆధారం కాబట్టి ఆ రోజే లాగడం మొదలైంది. పని అయ్యాక వెనక్కి తిప్పితే వచ్చేస్తుంది కూడా.

ఆరో వారంలో ఎడమ పక్క స్క్రూ నాలుకకు ఆడింది. ఏం తప్పు చేశానోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దాదాపు ఐదు వేల స్క్రూల లెక్కలు కలిపి చూసిన 2012 నాటి పరిశీలనలో నూటికి 13కు పైగా నిలవలేదని డాక్టరమ్మ చెప్పాక మనసు కుదుటపడింది. పంటి వేరుకు మరీ దగ్గరగా పడినా, చుట్టూ చిగురు వాచినా వదులవుతాయట. పక్కనే మరోచోట కొత్తది వేశారు. అప్పటి నుంచి పొద్దున్నా రాత్రీ చిన్న బ్రష్షుతో దాని చుట్టూ శుభ్రం చేయడం మానలేదు. స్క్రూలు వేయించుకున్న ఎవరికైనా నేను చేతులు పట్టుకుని చెప్పేది ఈ ఒక్కటే.

పన్ను నెలకు మిల్లీమీటరు అటూ ఇటుగా జరుగుతుంది. నొక్కుడు పడిన వైపు ఎముకను కొన్ని కణాలు కరిగిస్తాయి, వెనక వైపు మరికొన్ని కొత్త ఎముక కడతాయి. వాటి పని వాటి వేగంతోనే సాగాలి.

మొన్న మూడో నియమం చెబుతూ బోర్డు మీద రెండు పడవలు, ఒక గుంజ గీశాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "టీచర్, ఇసుక నేలలో గుంజ కూడా వాలుతుంది కదండీ?"

వాలుతుంది. 2004లో తైవాన్‌లో లియో బృందం 16 మందిలో కొలిచి చూస్తే, స్క్రూ తల సగటున 0.4 మిల్లీమీటర్లు ముందుకు వాలింది. అందుకే స్క్రూకూ పంటి వేరుకూ మధ్య 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచమన్నారు. ఇదంతా చెప్పి, సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చి, వాలిన గుంజను తననే గీయమన్నాను.