పైన పటారం, లోన లొటారం

రాళ్లు కప్పుకున్న హిమాలయ హిమానీనదాలు చూడ్డానికి ఉన్నచోటే ఉంటున్నాయి. లోపల మాత్రం మంచు తరిగిపోతోంది. అంచును మాత్రమే కొలిచి ఊరట చెందితే మోసపోయినట్టే.

హిమానీనదం అనగానే తెల్లగా మెరిసే మంచు గుర్తుకొస్తుంది. గంగోత్రి నుంచి గోముఖ్ దాకా నడిచి వెళ్లిన యాత్రికులకు కనిపించేది వేరు. కొండచరియ విరిగిపడినట్టు గుట్టలుగా బండరాళ్లు, బూడిదరంగు మట్టి. భాగీరథి బయటికొచ్చేది ఆ రాళ్ల కిందున్న మంచు గుహలోంచే. సుమారు 30 కిలోమీటర్ల పొడవున్న గంగోత్రి హిమానీనదం దిగువ భాగమంతా దాదాపు ఇదే తీరు. నిట్టనిలువు శిఖరాల నుంచి రాలిపడే రాళ్లను మంచు తనతోపాటు మోసుకొస్తుంది. కిందికి వచ్చేకొద్దీ మంచు కరిగిపోయి రాళ్లు పైన మిగులుతాయి. కేదార్‌నాథ్ పైనున్న చోరాబరి, ఎవరెస్ట్ కిందున్న ఖుంబు కూడా ఈ కోవలోనివే.

ఈ రాళ్లు మంచును కాపాడుతున్నాయా, కరిగిస్తున్నాయా? ఇది శాస్త్రవేత్తలకే పరిమితమైన సందేహం కాదు. ఐపీసీసీ 2007 నివేదిక హిమాలయ హిమానీనదాలు 2035 నాటికి మాయమైపోవచ్చని హెచ్చరించింది. 2009లో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ విడుదల చేసిన చర్చాపత్రం అందుకు భిన్నమైన మాట చెప్పింది. ఇవి అసాధారణ వేగంతో వెనక్కి తగ్గుతున్న దాఖలాలు లేవని దాన్ని రాసిన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ మాజీ ఉన్నతాధికారి వి.కె. రైనా తేల్చారు. 2010 జనవరిలో ఐపీసీసీ తన అంచనాకు తగిన ఆధారం లేదని ఒప్పుకుంది. దాంతో ముప్పేమీ లేదనే వాదనకు బలం చేకూరింది.

2035 లెక్క తప్పే. అంతమాత్రాన హిమానీనదాలు క్షేమమని కాదు. ఆ వాదనలో ఎక్కువగా లెక్కలోకి వచ్చింది హిమానీనదం అంచు ఎంత వెనక్కి జరిగిందన్నదే. రాళ్లు కప్పుకున్న చోట ఆ కొలత సగం నిజమే చెబుతుంది.

కిటుకంతా రాళ్ల పొర మందంలో ఉంది. నార్వే శాస్త్రవేత్త గున్నార్ ఓస్ట్రెమ్ 1959లోనే దీన్ని కొలిచి చూపారు. మంచు మీద దుమ్ము, చిన్న రాళ్లు పల్చగా పరుచుకుంటే ఆ నల్లదనం ఎండను పీల్చి వేడిని కిందికి పంపుతుంది. కరుగుదల పెరుగుతుంది. పొర కొన్ని సెంటీమీటర్లు దాటిందా, కథ అడ్డం తిరుగుతుంది. పగలు పీల్చుకున్న వేడి అడుగుకు చేరకముందే రాత్రి చలికి చాలావరకు ఆరిపోతుంది. ఐసు దిమ్మల మీద ఊకో, రంపపు పొట్టో కప్పితే ఎక్కువసేపు నిలవడం లాంటిదే ఇది. అర మీటరు మందం దాటితే కింది మంచు కరగడం బాగా తగ్గిపోతుంది.

ఆ లెక్కన దట్టంగా రాళ్లు కప్పుకున్నవి భద్రంగా ఉండాలి. అంచును చూస్తే అలాగే అనిపిస్తుంది కూడా. జర్మనీలోని పోట్స్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 286 హిమానీనదాలను ఉపగ్రహ చిత్రాల్లో పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. రుతుపవనాల ప్రభావమున్న ప్రాంతాల్లో 65 శాతానికి పైగా వెనక్కి తగ్గుతున్నాయి. కానీ దట్టంగా రాళ్లు కప్పుకుని, దిగువన వాలు తక్కువగా ఉన్నవాటిలో చాలావాటి అంచు మాత్రం కదల్లేదు. మరుసటి ఏడాదే మరో నిజం బయటపడింది. 2003-08 మధ్య నాసా ఉపగ్రహం లేజర్‌తో తీసిన ఎత్తుల కొలతలను ఓస్లో విశ్వవిద్యాలయ బృందం విశ్లేషించింది. రాళ్లున్న మంచు కూడా, లేని మంచుతో ఇంచుమించు సమానంగా పల్చబడుతోంది. అంచు నిలిచే ఉంది, మందమే పోయింది.

ఎందుకిలా? జవాబు నేపాల్‌లో జరిగిన క్షేత్ర పరిశోధనల్లో దొరికింది. రాళ్ల దుప్పటి అంతటా ఒకేలా ఉండదు. దానికి చిరుగులుంటాయి. అక్కడక్కడా రాళ్లు జారిపోయి నిలువు మంచు గోడలు బయటపడతాయి. గుంటల్లో నీటి మడుగులు ఏర్పడి, ఎండకు వేడెక్కి చుట్టూ ఉన్న మంచును కోసేస్తాయి. ఖుంబు పక్కనున్న చాంగ్రీ నుప్ దిగువ భాగంలో ఇలాంటి గోడల విస్తీర్ణం 7-8 శాతమే. అక్కడి కరుగుదలలో దాదాపు నాలుగో వంతు వాటిదే. పైగా ఎగువన మంచు కురవడం కన్నా కరగడం ఎక్కువైతే కిందికి వచ్చే మంచు తగ్గుతుంది. ప్రవాహం మందగించి, దిగువ భాగం ఉన్నచోటే చిక్కిపోతుంది.

అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. కుంగిన చోట మడుగులు కలిసి సరస్సులవుతాయి. ఎవరెస్ట్ సమీపంలోని ఇమ్జా సరస్సు అలా పుట్టిందే. 1950ల తర్వాత చిన్న మడుగులుగా మొదలై చదరపు కిలోమీటరు దాటిపోయింది. దిగువ గ్రామాల భద్రత కోసం 2016లో నేపాల్ సైన్యం కాలువ తవ్వి నీటిమట్టాన్ని 3 మీటర్లకు పైగా తగ్గించింది. ఇలాంటి సరస్సులకు గట్టు హిమానీనదం నెట్టుకొచ్చి పోసిన రాళ్లూ మట్టే. అది ఎంత బలహీనమో 2013 జూన్‌లో కేదార్‌నాథ్ చూసింది. కుండపోత వానలకు చోరాబరి సరస్సు గట్టు తెగింది. 2023 అక్టోబర్‌లో సిక్కింలోని దక్షిణ ల్హోనక్ సరస్సు తెగి తీస్తా-3 విద్యుత్ ప్రాజెక్టు డ్యామ్‌నే ఊడ్చుకుపోయింది.

మైదానాల్లో గంగ ప్రవాహంలో ఎక్కువ భాగం వాన నీరే కావచ్చు. ఎగువ లోయల్లో మాత్రం వానలకు ముందు వేసవి నెలల్లో మంచు నీరే ఆదరవు. ఆ నిల్వ ఎంతుందో అంచు దగ్గర గుర్తు పెట్టిన బండరాయి చెప్పలేదు. మంచులోకి కర్రలు దించి ఏటా ఎంత తరిగిందో కొలవాలి. రాళ్ల మందాన్ని, మడుగులను ఉపగ్రహాలతో గమనిస్తూ ఉండాలి. హిమానీనదం ముఖం ఎక్కడుందన్నది కాదు, ఒళ్లు ఎంత చిక్కిందన్నదే ఇప్పుడు లోయల్లోని ఊళ్లకు తెలియాల్సిన సంగతి.