వచ్చిపోయే లోపం: పాత కారులో విద్యుత్ చిక్కులు, ఇంజన్ హెచ్చరిక దీపం

పాత కారులో పూర్తిగా తెగిపోయిన తీగను కనిపెట్టడం అంత కష్టమైన పని కాదు. ఎప్పుడు వెతికినా ఆ లోపం ఉన్నచోటనే ఉంటుంది. మెకానిక్ దగ్గరకు చేరేసరికి మాయమై, ఇంటికి తిరిగివచ్చే దారిలో మళ్లీ తలెత్తే లోపమే అసలైన చిక్కు. ఉదయం చక్కగా నడిచి మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఆగిపోయే ఇంజన్, వాన పడిన రోజునే వెలిగే హెచ్చరిక దీపం, గతుకుల రోడ్డు మీద మాత్రమే ఆరిపోయే డాష్‌బోర్డు ఈ కోవకు చెందినవి. ఇటువంటప్పుడు అనుమానం కలిగిన భాగాన్నల్లా మార్చుకుంటూ పోవడం పరిపాటి. కానీ లోపం ఏ పరిస్థితిలో వస్తున్నదో, ఏ పరిస్థితిలో పోతున్నదో గమనించినప్పుడు, విసుగు పుట్టించే ఆ రాకపోకలే దాని జాడ తెలిపే ప్రధాన ఆధారమవుతాయి.

మొదట డాష్‌బోర్డు మీది దీపాల తీరు తెలుసుకోవాలి. ఆయిల్ ప్రెషర్‌ను, బ్యాటరీ చార్జింగ్‌ను సూచించే ఎర్ర దీపాలు తక్షణ ప్రమాదానికి సంబంధించినవి కాగా, ఇంజన్ బొమ్మతో పసుపు రంగులో వెలిగే చెక్ ఇంజన్ దీపం ప్రధానంగా పొగ కాలుష్య నియంత్రణ కోసం ఏర్పడింది. అమెరికాలోని కాలిఫోర్నియా వాయు వనరుల మండలి 1988 మోడళ్ల నుంచి, ఇంజన్ కంప్యూటరు తన లోపాలను తానే గుర్తించి నమోదు చేసుకునే ఓబీడీ అనే ఏర్పాటును తప్పనిసరి చేసింది. దాని రెండో తరం 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ వర్తించింది. భారతదేశంలో 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా 13 నగరాల్లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు అమలైనప్పుడు ఓబీడీ తొలి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చాయి. దీపం పుట్టుక ఇదైనందువల్ల, కారు హాయిగా నడుస్తున్నా అది వెలగవచ్చు. కారు నడిరోడ్డు మీద ఆగిపోయినా వెలగకపోవచ్చు. తాళం తిప్పగానే ఒకసారి వెలిగి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవడం దాని సహజ లక్షణం కాబట్టి, తాళం తిప్పినా అసలు వెలగని దీపాన్ని, ముఖ్యంగా సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు, అనుమానంతో చూడాలి.

కంప్యూటరు చాలా లోపాలను ఒక్కసారి కనిపించగానే దీపం దాకా తీసుకురాదు. మొదటి ప్రయాణంలో లోపాన్ని తాత్కాలిక కోడ్‌గా రాసి ఉంచుకుని, తరువాతి ప్రయాణంలోనూ కనిపిస్తేనే దీపం వెలిగిస్తుంది. ఆపై వరుసగా మూడు ప్రయాణాల్లో పరీక్ష సజావుగా పూర్తయితే దీపాన్ని ఆర్పేస్తుంది కాని, కోడ్‌ను మాత్రం ఇంజన్ దాదాపు 40 సార్లు చల్లబడి వేడెక్కేదాకా జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. దీపం దానంతట అది ఆరిపోయినంత మాత్రాన జబ్బు నయమైనట్టు కాదు. సిలిండరులో ఇంధనం సరిగా మండని స్థితిని మిస్‌ఫైర్ అంటారు. అది తీవ్రమైనప్పుడు దీపం మిణుకుమిణుకుమంటుంది. మండని పెట్రోలు పొగగొట్టంలోని కేటలిటిక్ కన్వర్టరులో మండి దాన్ని పాడుచేస్తుంది కాబట్టి, అప్పుడు వెంటనే వేగం తగ్గించి, అదే పనిగా నడపకుండా కారును పక్కన ఆపాలి.

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్టుకు స్కానర్ తగిలిస్తే కోడ్‌లు బయటపడతాయి. వాటిలో మొదటి అక్షరం విభాగాన్ని తెలుపుతుంది: ‘పి’ ఇంజన్, గేర్‌బాక్సులకు, ‘బి’ బాడీకి, ‘సి’ బ్రేకులు మొదలైన ఛాసిస్ భాగాలకు, ‘యు’ కంప్యూటర్ల మధ్య సంభాషణకు చెందినవి. కోడ్‌తో పాటు కొన్ని వివరాలు కూడా నిలువ ఉంటాయి. వీటిని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. లోపం నమోదైన క్షణంలో ఇంజన్ వేగం, కారు వేగం, కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజన్ మీది భారం ఎంతెంత ఉన్నాయో అందులో కనిపిస్తుంది. వచ్చిపోయే లోపానికి సాక్షి దాదాపుగా ఇదొక్కటే. కోడ్ చెరిపేసినా, చాలా పాత కార్లలో బ్యాటరీ తీగ విప్పినా ఈ సాక్ష్యం నశిస్తుంది కాబట్టి, ఏ పనీ మొదలుపెట్టకముందే దీన్ని రాసి పెట్టుకోవాలి.

అయితే కోడ్ చెప్పేది తేడా ఎక్కడ కనబడిందో మాత్రమే. తేడా ఎందుకు వచ్చిందో కాదు. ఉదాహరణకు పి0171 అనే కోడ్ ఇంజనుకు గాలి ఎక్కువై ఇంధనం తక్కువైందని చెబుతుంది. ఈ సంగతిని గుర్తించేది పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి చాలాచోట్ల ముందుగా దానినే మార్చేస్తారు. కానీ పగిలిన వాక్యూమ్ గొట్టం గుండా లోపలికి చొరబడే గాలి, బలహీనపడిన ఇంధన పంపు, మురికి పట్టిన గాలి సెన్సర్ కూడా ఇదే కోడ్‌ను పుట్టిస్తాయి. ఉన్న తేడాను ఉన్నట్టు చెప్పిన సెన్సర్‌ను తీసిపారేసినందువల్ల ఆ తేడా పోదు.

అందుకే నిపుణులు కోడ్‌ను చదివాక, భాగాల జోలికి పోకముందు విద్యుత్తు సరఫరాను పరీక్షిస్తారు. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు, అంటే షెడ్లలో డైనమో అని పిలిచే పరికరం, దాన్ని దాదాపు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంచాలి. బ్యాటరీ బాగున్నా దాని శక్తి గమ్యం చేరకపోవడానికి తరచుగా కారణమయ్యేది ఎర్త్. కారులో ప్రతి పరికరానికీ విద్యుత్తు తిరిగివెళ్లే తోవ ఇంజన్, బాడీ లోహం గుండానే ఉంటుంది. వాటిని బ్యాటరీతో కలిపే అల్లిక పట్టీ తుప్పు పట్టినా, బోల్టు వదులైనా ఆ తోవ ఇరుకవుతుంది. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు తీసుకుంటున్నప్పుడు తోవలో ఒక ఓములో నూరో వంతు నిరోధం ఉన్నా 1.5 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు కదిలితే మొదట అనుమానించవలసింది ఈ ఎర్త్‌నే.

సెన్సర్ల విషయంలో ఇంకా స్వల్పమైన నిరోధం కూడా మోసం చేస్తుంది. కంప్యూటరు వాటిలో చాలావాటికి 5 వోల్టుల విద్యుత్తు పంపి, తిరిగివచ్చే వోల్టేజిని బట్టి లెక్క కడుతుంది. కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది; దాని కనెక్టరులో తుప్పు పట్టి నిరోధం పెరిగితే, కాగుతున్న ఇంజన్ చల్లగా ఉన్నదని కంప్యూటరు భ్రమించి అదనంగా పెట్రోలు పోస్తుంది. మైలేజీ తగ్గి, నల్లని పొగ వచ్చి, వేడి మీద కారు స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. సెన్సర్ చూపుతున్న అంకె అసాధ్యమైనది కానందువల్ల కోడ్ మాత్రం రాకపోవచ్చు.

లోపాలు వచ్చిపోవడానికి మూల కారణాలు వేడి, కంపనం, తేమ. ఇంజన్ తిరిగే వేగాన్ని తెలిపే క్రాంక్ సెన్సర్లలో చాలావాటిలో సన్నని రాగి తీగచుట్ట ఉంటుంది. దానిలో వెంట్రుకవాసి తెగుడు ఉంటే వేడికి కొనలు విడిపోయి ఇంజన్ ఆగిపోతుంది, కాసేపు చల్లారాక కలిసి మళ్లీ నడుస్తుంది. 1990ల నాటి హోండా కార్లలో ఇంధన పంపుకు విద్యుత్తునిచ్చే మెయిన్ రిలే లోపలి టంకం అతుకులు పగిలి, ఎండలో నిలిపిన కారు స్టార్ట్ కాకపోవడం, లోపలి వేడి తగ్గాక స్టార్ట్ కావడం మెకానిక్‌లందరికీ తెలిసిన సంగతి. వర్షాకాలంలో వేల వోల్టులు మోసే ప్లగ్ వైర్ల పగుళ్ల గుండా విద్యుత్తు తడి లోహం మీదికి దూకుతుంది. నిలిపి ఉంచిన కార్లలో ఎలుకలు తీగల పైతొడుగు కొరికి వదిలిన చోట, గుంతలో పడ్డప్పుడల్లా షార్ట్ కావచ్చు.

వీటన్నిటిలో మిక్కిలి మోసకారి కనెక్టరు. తగరపు పూత గల దాని పిన్నులు కంపనానికి కంటికి కనిపించనంతగా రాసుకుంటూ ఉండటం వల్ల, వాటి మధ్య ఆక్సైడు పొర పేరుకుపోతుంది. కనెక్టరును ఒకసారి విప్పి తిరిగి పెడితే ఆ పొర గీసుకుపోయి స్పర్శ బాగుపడుతుంది. కొత్త సెన్సర్ బిగించడమంటే కనెక్టరును విప్పి పెట్టడమే కనుక, కొన్ని వారాలపాటు కారు బాగా నడిచి, ఆ కీర్తి అంతా కొత్త సెన్సరుకు దక్కుతుంది. లోపం మళ్లీ తిరిగివచ్చినప్పుడు, సెన్సరే నాసిరకమైనదని మరొకటి కొంటారు. భాగాలు మార్చే పద్ధతి నమ్మదగినదిగా కనిపించడానికి ఒక కారణం ఇదే.

దీనికి విరుగుడు లోపాన్ని కావాలని రప్పించడం. ఎన్ని నిమిషాలు నడిచాక, ఎండలోనా వానలోనా, ఏసీ వేసినప్పుడా, ఏ మలుపులో వచ్చిందో యజమాని రాసి ఉంచితే సగం పని పూర్తయినట్టే. ఇంజన్ నిలకడగా నడుస్తుండగా స్కానర్‌లో అంకెలు చూస్తూ తీగల కట్టను ఒక్కొక్క చోట మెల్లగా కదిలించడం, అనుమానమున్న రిలేను హెయిర్ డ్రయ్యరుతో వేడిచేయడం, ప్లగ్ వైర్లపై చేయి తగలకుండా దూరం నుంచి నీటి తుంపర చల్లడం ఇందులోని ఉపాయాలు. ఒకేసారి రెండు మూడు పరికరాలు మొరాయిస్తే, అవన్నీ పాడయ్యాయనుకోకుండా వైరింగ్ పటంలో వాటికి ఉమ్మడిగా ఉన్న ఫ్యూజు, రిలే, ఎర్త్ ఏదో వెతకాలి.

కొలిచేటప్పుడు కూడా లోపం పనిచేసే స్థితిలోనే కొలవాలి. మల్టీమీటరుతో, విద్యుత్తు ప్రవహించని తీగ నిరోధాన్ని చూస్తే, 0.3 ఓముల తుప్పు మీటరు తీగల సొంత నిరోధంలో కలిసిపోయి కనిపించదు. అదే తోవలో రేడియేటర్ ఫ్యాను 10 ఆంపియర్లు లాగుతుంటే 3 వోల్టులు తగ్గిపోయి దొంగ బయటపడుతుంది. అందువల్ల మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, మరొకదాన్ని ఇంజన్ లోహం మీద ఉంచి సెల్ఫ్ తిప్పినప్పుడు అర వోల్టుకు మించి కనిపిస్తే, ఎర్త్ తీగను సరిచేయాలని నిర్ణయించవచ్చు.

లోపం వచ్చే పరిస్థితిని నిర్లక్ష్యం చేస్తే ఎంత నష్టం జరుగుతుందో అమెరికాలో జనరల్ మోటార్స్ ఉదంతం చూపింది. షెవ్రొలెట్ కోబాల్ట్ మొదలైన మోడళ్లలో ఇగ్నిషన్ స్విచ్ బిగువు తక్కువై, బరువైన తాళాల గుత్తికో, కుదుపుకో అది జారిపోతే ఇంజన్ ఆగిపోవడమే కాక ఎయిర్‌బ్యాగులు కూడా తెరుచుకునేవి కావు. మధ్యలో స్విచ్‌లోని భాగాన్ని మెరుగుపరిచినా దాని పార్ట్ నంబరును మార్చకపోవడంతో, పాత కార్లకూ కొత్త కార్లకూ తేడా ఎందుకున్నదో పరిశోధకులకు చాలాకాలం అంతుబట్టలేదు. 2014లో రీకాల్ మొదలయ్యాక, సంస్థ ఏర్పాటుచేసిన పరిహార నిధి 124 మరణాలను ఈ లోపానికి సంబంధించినవిగా గుర్తించింది.

మరమ్మతు ముగిసిందనడానికి కోడ్ చెరిపేయడమూ, దీపం ఆరిపోవడమూ చాలవు. మునుపు లోపం కనిపించిన ఎండలో, అదే దూరం, అదే భారంతో కారు నడిచి, కంప్యూటరు తన పరీక్షలన్నిటినీ పూర్తి చేసుకున్నాక కూడా తాత్కాలిక కోడ్ సైతం రాకపోతేనే పని పూర్తయినట్టు. కాబట్టి షెడ్డు నుంచి కారు తీసుకునే యజమాని ఏ భాగం మార్చారని అడగడంతో ఆగకుండా, లోపాన్ని ఎలా రప్పించి చూశారని, మార్పు తరువాత అదే పద్ధతిలో మళ్లీ ప్రయత్నించారా అని కూడా అడగాలి. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు లేని బిల్లు ఎంత పొడుగ్గా ఉన్నా, అందులో ఉన్నది నిర్ధారణ కాదు, ఊహ మాత్రమే.