గురి యంత్రానికి తేమ గండం

ఖరగ్‌పూర్: రైల్వే వర్క్‌షాపునకు, తెలుగు కార్మిక కుటుంబాలకు పేరుపడిన ఈ పట్టణం రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా బి-29 బాంబర్ల కేంద్రం కూడా. 1944లో ఇరవయ్యో బాంబర్ కమాండ్ ప్రధాన కార్యాలయం హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో వెలిసింది. 1951లో ఐఐటీ ఆరంభమైనది కూడా అక్కడే.

పైలట్ల పేర్లు చరిత్రకెక్కాయి. నోర్డెన్ గురి యంత్రాలను కాపాడిన సాంకేతిక సిబ్బంది ఊసు మాత్రం అరుదు. దుర్భిణి, గైరోస్కోపు, లెక్కలు కట్టే యంత్రభాగాలు కలిసిన ఆ పరికరాన్ని రహస్యంగా భావించి, వాడనప్పుడు విమానం నుంచి తీసి కాపలాలో భద్రపరిచేవారు. వానాకాలపు తేమకు లెన్సులపై బూజు పడుతుంది. దానిని గీత పడకుండా తుడవాలి, గైరోస్కోపును సమతలానికి సరిచేయాలి. ఏ మాత్రం తేడా వచ్చినా బాంబు లక్ష్యానికి ఎంతో దూరంలో పడుతుంది.

1944 జూన్ 5న ఈ పరిసర స్థావరాల నుంచి 98 విమానాలు బ్యాంకాక్‌లోని మకాసన్ రైల్వే వర్క్‌షాపుపై దాడికి బయలుదేరాయి. రైల్వే పట్టణం నుంచి వెళ్లి రైల్వే వర్క్‌షాపునే గురిపెట్టడం విచిత్రమే. తీరా మబ్బులు కమ్మడంతో, బాంబులు వేసిన విమానాల్లో ఎక్కువ భాగం రాడార్‌పైనే ఆధారపడవలసి వచ్చింది. లెన్సులు ఎంత నిర్మలంగా ఉన్నా ఆనాడు అక్కరకు రాలేదు.

1945లో బి-29లు మరియానా దీవులకు తరలిపోయాయి. నాటి స్థావరాల్లో ఒకటైన కలైకుండా భారత వైమానిక దళం చేతికి వచ్చింది.