చెంప ఎముక విరిగితే సాయం రెండు వారాల్లో అందాలి



బైకు మీద నుంచి పడినా, కొట్లాటలో దెబ్బ తగిలినా ముఖంలో తరచుగా విరిగే ఎముకల్లో చెంప ఎముక ఒకటి. కంటి గూటి అడుగు భాగం, పక్క గోడ దీనిపైనే ఆధారపడి ఉంటాయి. అందుకే ఇది విరిగితే ముఖం అందం చెడటంతోనే పోదు.

కన్ను చుట్టూ నల్లగా కములుతుంది. చెంప, పై పెదవి తిమ్మిరెక్కుతాయి. వాపు దిగాక చెంప నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది. కొందరికి ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది, కొందరికి నోరు పూర్తిగా తెరుచుకోదు. ఈ సమయంలో ముక్కు గట్టిగా చీదకూడదు. చూపు మసకబారినా, కన్ను విపరీతంగా నొప్పి పెట్టినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ఎముక ఎంత కదిలిందో సీటీ స్కాన్‌లో తెలుస్తుంది. కదలకపోతే సాధారణంగా ఆపరేషన్ అక్కరలేదు. మెత్తటి ఆహారం తింటూ, ఆ చెంపకు ఒత్తిడి తగలకుండా చూసుకుంటే సుమారు ఆరు వారాల్లో అతుక్కుంటుంది. చెంప పక్కన కమానులా ఉండే భాగం మాత్రమే కుంగితే, కణత పైన జుట్టులో చిన్న కోత పెట్టి లోపలి నుంచి పైకి లేపుతారు. ఎముక జరిగిపోతే నోటి లోపల నుంచి, కంటి దగ్గర నుంచి చిన్న కోతలు పెట్టి టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. ఇబ్బంది లేకపోతే వాటిని మళ్ళీ తీయనక్కరలేదు.

వాపు తగ్గాక, రెండు వారాల లోపు ఆపరేషన్ జరిగితే చాలామందికి ముఖం దాదాపు మునుపటిలా కుదురుకుంటుంది. తిమ్మిరి తగ్గడానికి నెలలు పట్టవచ్చు, కొందరికి కొంత మిగిలిపోతుంది. ఆలస్యమైతే ఎముక వంకరగానే అతుక్కుంటుంది. అప్పుడు దాన్ని మళ్ళీ కోసి సరిచేయాలి. ఆ ఆపరేషన్ పెద్దది, ఫలితం అంత బాగా రాకపోవచ్చు.

ఈ చికిత్స చేసే సర్జన్లు డెంటల్ కాలేజీల్లోనూ ఉంటారని చాలామందికి తెలియదు. హైదరాబాదులో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. అయినా స్కాన్‌కు, మందులకు, రానుపోను ఖర్చులకు పేద కుటుంబం చేతిలో డబ్బు ఉండాలి.

మనలో చాలామంది జకాత్‌ను రమజాన్‌లో లెక్కగట్టి ఇస్తారు. విరిగిన ఎముక రమజాన్ దాకా ఆగదు. కాబట్టి జకాత్, సదఖా సొమ్ములో కొంత భాగాన్ని ఏడాది పొడవునా ఇలాంటి అత్యవసర చికిత్సల కోసం విడిగా ఉంచమని మనవి. రెండు వారాల్లో అందిన కొద్దిపాటి సాయం, ఆరు నెలల తర్వాత ఇచ్చే పెద్ద మొత్తం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.