జ్వరం తగ్గాక ముఖం ఒకవైపే నొప్పిగా ఉందా?

2021 మే నెలలో ‘బ్లాక్ ఫంగస్’ పేరు ప్రతి ఇంటా వినబడింది. కరోనా నుండి కోలుకున్నవారు కొద్ది రోజులకే ముఖం వాచి మళ్ళీ ఆసుపత్రులకు వచ్చారు. హైదరాబాదులో కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రిని ఈ చికిత్సకు ప్రత్యేకించారు. ఆంధ్రప్రదేశ్‌లో దీనిని ఆరోగ్యశ్రీలో చేర్చారు. అయితే ఇది కరోనాతో పుట్టిన జబ్బు కాదు. షుగరు అదుపులో లేనివారికి అంతకు ముందూ వచ్చేది, ఇప్పుడూ వస్తోంది.

వైద్యులు దీనిని మ్యూకార్‌మైకోసిస్ అంటారు. నిజానికి ఈ ఫంగస్ నల్లగా ఉండదు. అది రక్తనాళాలలో చొరబడి వాటిని మూసివేస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. ఉల్లిపాయల మీది నల్లమచ్చల వల్ల వస్తుందని ఆ రోజుల్లో ప్రచారం జరిగింది. పాపం, ఉల్లిపాయకూ దీనికీ సంబంధం లేదు! ఇది ఒకరి నుండి మరొకరికి అంటదు. కాబట్టి రోగిని వెలివేసినట్లు చూడకండి.

మట్టిలో, పేడలో, కుళ్ళిన ఆకులలో ఉండే ఈ ఫంగస్ బీజాలను మనమందరం పీలుస్తూనే ఉంటాము. సాధారణంగా తెల్ల రక్తకణాలు వాటిని చంపివేస్తాయి. షుగరు బాగా పెరిగితే ఆ కణాలు నీరసిస్తాయి. స్టెరాయిడ్ మందులు రోగనిరోధక శక్తిని తగ్గించి, షుగరును పెంచుతాయి. ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగికి స్టెరాయిడ్ ప్రాణం నిలిపే మందే. కాని మామూలు జ్వరానికి మందుల షాపులో అడిగి కొని మింగడం చాలా ప్రమాదం. డాక్టరు రాసినా, వాడినన్ని రోజులూ షుగరు పరీక్ష చేయించుకోండి. ఇంతవరకు షుగరు లేదనుకున్నవారికీ ఈ మాట వర్తిస్తుంది.

ఈ ఫంగస్ మొదట ముక్కులో, దాని చుట్టూ ఎముకలలో ఉండే సైనస్ అనే గాలి గదులలో పెరుగుతుంది. అక్కడి నుండి అంగిలికి, కంటికి, చివరకు మెదడుకు పాకుతుంది. జలుబు చేస్తే సాధారణంగా రెండు ముక్కులూ దిబ్బడ వేస్తాయి. ఇది ఎక్కువగా ఒకవైపే మొదలవుతుంది. ఒక చెంప నొప్పి, తిమ్మిరి, వాపు, ముక్కు నుండి నల్లని లేక రక్తపు చీమిడి, పై పళ్ళు కదలడం, అంగిలిపై నల్లమచ్చ దీని గుర్తులు. రెప్ప వాలినా, వస్తువులు రెండుగా కనబడినా కంటికి చేరిందన్నమాట.

అంతవరకు ఆగవద్దు. ఆవిరి పట్టుకుంటూ, నొప్పి మాత్రలు వేసుకుంటూ గడిపే ఒక్కొక్క రోజూ నష్టమే. తొందరగా వస్తే ముక్కులో గొట్టంతో చూసి, చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. చచ్చిన కండను ఆపరేషన్ చేసి తొలగించి, ఆంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్లు వారాల తరబడి ఇస్తారు. మూత్రపిండాలు దెబ్బతినకుండా తరచు రక్తపరీక్షలు చేస్తారు. ఆలస్యమైతే ప్రాణం కాపాడడానికి కన్నే తీసివేయవలసి రావచ్చు.

పన్ను కదులుతోందని పళ్ళ డాక్టరు వద్దకు వెళ్ళినా, ఇటీవల జ్వరం వచ్చిందనీ, షుగరు ఉందనీ తప్పక చెప్పండి. వాడిన మందుల చీటీ వెంట తీసుకువెళ్ళండి.