ప్రావిన్షియల్ నామినీల నివాస మార్పు (కెనడా)

కెనడాలో ఒక ప్రావిన్సు (రాష్ట్రం) సిఫారసుపై కేంద్ర ప్రభుత్వం నుండి శాశ్వత నివాస హోదా పొందినవారిని ప్రావిన్షియల్ నామినీలు అంటారు. హోదా లభించిన పిదప వీరు మరొక ప్రావిన్సుకు తరలిపోవచ్చు. 1982 నాటి హక్కులు, స్వేచ్ఛల ఛార్టర్‌లోని 6వ సెక్షను పౌరులతో పాటు శాశ్వత నివాసులకు కూడా ఏ ప్రావిన్సులోనైనా నివసించే, జీవనోపాధి పొందే హక్కును కల్పించింది.

అసలు చిక్కు అంతకు ముందరి ఉద్దేశంతోనే. నామినీకి తనను ఎంపిక చేసిన ప్రావిన్సులో నివసించే ఉద్దేశం ఉండాలని వలస నిబంధనలలోని 87వ సెక్షను నిర్దేశిస్తున్నది. అది మొదటినుండీ లేదని తేలితే తప్పుడు సమాచారం ఇచ్చినట్లు పరిగణించి, హోదా తొలగించి, ఐదేళ్ళ పాటు దేశ ప్రవేశానికి అనర్హునిగా ప్రకటించే అవకాశం ఉన్నది. ఉద్దేశాన్ని కొలిచే సాధనమేదీ లేదు గనుక ఇంటి అద్దె ఒప్పందం, ఉద్యోగ ప్రయత్నాల వంటి ఆధారాలే దిక్కు. సస్కచెవాన్‌లో కొంతకాలం పనిచేసి, ఉపాధి పోయి టొరాంటో చేరినవాని వాదన, విమానం దిగీ దిగగానే అక్కడికి వెళ్ళినవాని వాదన కంటే బలమైనది.